నూరు కాదు, నోరు

పోయిన వారం గుసగుసని మేడమెట్ల మీద, నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే వదిలేసి వచ్చాం మనం. పాపం, వారం రోజులుగా అక్కడే ఉంది. ఒక చేతిలో ఫ్లాపీల డబ్బా, రెండో చెయ్యి గోడ మీద, చెవులు రెండూ పై గదిలో. పై గదిలోంచి వాళ్లక్క గొంతు ఖంగుమని వినబడుతోంది.

"అది నలుగురిలో నోరు విప్పలేదు మాస్టారూ. దాని పేజీ సంగతి నేను చెప్తాలెండి. దాని తరఫున నేనేగా ఎప్పుడూ మాట్లాడేది!"

అంత ప్రేమగా అన్న మాటకి ఈ పిల్లకి ఒళ్లెందుకు మండిందో మొదటినుంచీ చదువుతున్నవాళ్లకి నేను చెప్పనక్కర్లేదు. ఈ వారమే పేజీ తిప్పినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పేస్తాను, మిగిలినవాళ్లు కాస్త ఓపిక పట్టండి. గుసగుసకి పందొమ్మిదేళ్లు. ఆ పేరు ఇంట్లో పెట్టింది కాదు, క్లాసులో పిల్లలు పెట్టింది. దాని నోట్లోంచి బయల్దేరిన మాట పక్క స్టూలు దాకా చేరదని. నాన్న ఎలా ఉంటాడో దానికి తెలియదు. అమ్మ పోయేనాటికి దానికి నాలుగేళ్లు, అక్కకి పదిహేను. ఆ పదిహేనేళ్ల పిల్ల ఒక కుట్టుమిషన్నీ, ఒక చెల్లెల్నీ వెంటబెట్టుకుని ఈ ఊరొచ్చి, మేడ కింద కొట్టు పెట్టి, చెల్లెల్ని పెంచింది. అన్నం కలిపి పెట్టింది, జడ వేసింది, గౌన్లు కుట్టింది. ఎవరేం అడిగినా చెల్లెలి తరఫున జవాబు కూడా తనే చెప్పింది. "నీ పేరేంటి పాపా?" అన్నా అక్కే, "కాఫీ తాగుతావా?" అన్నా అక్కే. డాక్టరు "ఎక్కడ నొప్పి?" అని అడిగితే అదీ అక్కే చెప్పేది, అదేం విచిత్రమో గానీ సరిగ్గానే చెప్పేది.

ఆ మేడ మీద గదిలో మన టైపు మాస్టారి ఇన్‌స్టిట్యూట్. ఒకప్పుడు పొద్దున ఆరింటినుంచీ టకటకలాడిపోయిన ఆ గదిలో ఇప్పుడు టైపు మిషన్లన్నీ గుడ్డలు కప్పుకుని గోడవారన కూర్చున్నాయి. మధ్యలో ఆరు కంప్యూటర్లు. వాటికి దుమ్ము పడదని అందరూ చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాలి. ఇప్పటి పిల్లలకి ఇదంతా చెబితే నవ్వుతారు గానీ, ఆ రోజుల్లో వెబ్ పేజీ అంటే నోట్‌ప్యాడ్ తెరిచి ఒక్కో అక్షరం చేత్తో కొట్టుకుంటూ పోవడమే. బొమ్మ ఒకటి పెడితే అది తెర మీద పైనుంచి కిందకి చాప పరుచుకున్నట్టు మెల్లిమెల్లిగా వచ్చేది. అది పూర్తిగా వచ్చేదాకా క్లాసులో పిల్లలంతా ఊపిరి బిగబట్టి చూసేవాళ్లు. ఆ ఊపిరి బిగబట్టడంలో ఉన్న సుఖం మళ్లీ ఎవరికీ దొరకలేదు, ఇక దొరకదు కూడా.

మాస్టారికి ఈ విద్య ముందే వచ్చని అనుకునేరు. లేదు. లావుపాటి పుస్తకం ఒకటి కొనుక్కుని, ఇవాళ చదివిన పాఠం రేపు చెప్పేవాడు. టైపు నేర్పినట్టే స్కేలుతో బల్ల మీద తాళం వేస్తూ, "తెరువు! రాయి! మూసెయ్యి! తెరిచినవాళ్లే మూసుకోవాలి, వెనకాల ఎవరూ రారు!" అని ట్యాగులు చెప్పేవాడు. పుస్తకంలో ఉన్న పేర్లు ఆయనకి నచ్చేవి కావు, తన పేర్లు తను పెట్టుకునేవాడు. పేజీ రాసేటప్పుడు మనకోసం మనం ఒక మాట రాసుకుని, అది చూసేవాళ్లకి కనబడకుండా దాచే పద్ధతి ఒకటుంది. బాణం గుర్తు, ఆశ్చర్యార్థకం, రెండు అడ్డగీతలు, తర్వాత మన మాట, మళ్లీ రెండు గీతలు, బాణం. లోపల ఏం రాసినా తెర మీద కనబడదు. దానికి మాస్టారు పెట్టిన పేరు చాటుమాట.

మన గుసగుసకి ఈ పాఠం ఎంత నచ్చిందో చెప్పలేను. ఇన్నేళ్లుగా గొంతులో ఇరుక్కున్నవన్నీ పెట్టుకోవడానికి దానికో అర దొరికింది. తను తయారుచేస్తున్న పేజీ అక్క కొట్టు గురించే. పైన కొట్టు పేరు, కింద కొలతల పట్టిక, మెడ ఎంత, భుజం ఎంత, చెయ్యి ఎంత, ఎక్కడినుంచి ఎక్కడికి టేపు పట్టాలి అని. ఆ పట్టిక గడుల మధ్య ముప్పై ఒక్క చాటుమాటలు. "ఈ పాఠం మాస్టారు రాత్రే చదివారు, నాకు తెలుసు" అని ఒకటి. "టక్కు పేజీలో అక్షరాలు మెరుస్తాయి గానీ లింకులు పనిచెయ్యవు" అని ఇంకొకటి. టక్కు అంటే ఎప్పుడూ చొక్కా టక్ చేసుకుని వచ్చే కుర్రాడు, క్లాసులో పెద్ద వాగుడుకాయ. అప్పటికింకా తెలుగు అక్షరాలు ఆ కంప్యూటర్లలోకి రాలేదు కాబట్టి అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగే.

ఇక ఆ శనివారం సాయంత్రం సంగతి. మేడ యజమానురాలు, ఇన్‌స్టిట్యూట్‌కి పెద్దదిక్కు, పూర్వం హెడ్‌మిస్ట్రెస్‌గా చేసిన పెద్దమేడం ముందే ఒక మాట అంది. సోమవారంనుంచి పొద్దుటి బ్యాచ్ మొదలవుతోంది, మాస్టారొక్కడివల్ల కాదు, పాఠం చెప్పడానికి ఇంకొకరు కావాలి. పిల్లలు వాళ్లవాళ్ల పేజీలు చూపించి నలుగురి ముందూ చెప్పాలి. ఎవరు బాగా చెబితే ఆ ఉద్యోగం వాళ్లకి. ఆ ఉద్యోగం మీద గుసగుస ప్రాణాలన్నీ పెట్టుకుంది. రాకపోతే సోమవారంనుంచి మళ్లీ కింద కొట్టులో గుండీలు కుట్టుకుంటూ, అక్క మాట్లాడుతుంటే తలూపుతూ కూర్చోవడమే.

ఇదీ సంగతి. ఇప్పుడు మెట్లెక్కుదాం.

గుసగుస పైకి వెళ్లేసరికి అక్క నవ్వుతూ ఎదురొచ్చింది. "నువ్వేం బెంగపెట్టుకోకే. మాస్టారితో మాట్లాడేశాను. నువ్వు పక్కన నిలబడు చాలు, నేను గడగడా చెప్పేస్తా" అంది. చెల్లెలి నుదుటి మీద పడ్డ జుట్టు చెవి వెనక్కి తోసింది. ఆ చెయ్యి చల్లగా, సుద్దపొడి వాసన వేస్తూ ఉంది. ఆ చేతిని తోసెయ్యడం ఎవరివల్లా కాదు, ఆ పిల్లవల్ల అసలు కాదు.

"ఊ" అంది గుసగుస.

అని, వెళ్లి నాలుగో మిషన్ ముందు కూర్చుంది. ఇంకా పావుగంట టైముంది. టక్కు తన తెర ముందు నిలబడి రిహార్సల్ వేసుకుంటున్నాడు. స్టూళ్లు జరుపుతున్న చప్పుడు, పిల్లల తాలూకు పెద్దవాళ్లు చెప్పులు విడుస్తున్న చప్పుడు. గుసగుస తన పేజీ నోట్‌ప్యాడ్‌లో తెరిచింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, తెర సరిగ్గా కనబడటం లేదు. అన్నిటికంటే పైన, కొట్టు పేరుకన్నా ముందు, ముప్పై రెండో చాటుమాట కొట్టింది. చూడకుండా కొట్టింది. టైపు నేర్చుకున్న వేళ్లు కదా, చూడక్కర్లేదు. సేవ్ చేసింది. బ్రౌజర్లో తెరిచి చూసుకోలేదు. గుండెల్లో బరువు కొంచెం దిగినట్టనిపించింది. ముక్కు తుడుచుకుంది.

ఇక్కడ ఒక చిన్న రహస్యం చెప్పాలి. ఆ పాతకాలం టైపు మిషన్లలో ఆశ్చర్యార్థకానికి వేరే మీట ఉండేది కాదు. ఒంటి కొమ్ము, అంటే కొటేషన్ గుర్తు, కొట్టి, ఒక గడి వెనక్కి జరిపి, దాని కిందే చుక్క కొట్టుకోవాలి. రెండేళ్లు ఆ మిషన్ల మీద అరిగిన వేళ్లు ఆ పిల్లవి. మీటల వైపు చూసి కొడితే సరేసరి, చూడకుండా కొడితే మాత్రం ఆ వేళ్లకి ఆశ్చర్యార్థకం అనేది ఎక్కడుందో తెలియదు. దాన్ని దాటుకుని పోతాయి. ముప్పై ఒకటి చూసి కొట్టింది. ముప్పై రెండోది చూడలేదు. ఒక్క గుర్తు పడకపోతే చాటుమాట చాటున ఉండదు.

టక్కు వంతు అయింది. వాడి పేజీలో అక్షరాలు మిణుకుమిణుకుమన్నాయి, ఒక వరస కుడినుంచి ఎడమకి పరుగెత్తింది, ఒక లింకు నొక్కితే ఏమీ రాలేదు. "అది సోమవారానికి వస్తుంది" అన్నాడు వాడు నదురూ బెదురూ లేకుండా. అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దమేడం మాత్రం కొట్టలేదు.

"తర్వాత?"

గుసగుస లేచింది. అక్క వచ్చి పెద్దమేడం పక్కన ముందు స్టూలు మీద కూర్చుంది. మాస్టారు మౌసు పట్టుకుని పేజీ తెరిచాడు. లేత నీలం రంగు పరుచుకుంది. ఆ నీలం మీద అన్నిటికంటే పైన, నల్లటి అక్షరాల్లో ఒక వరస వచ్చి కూర్చుంది. ముందో బాణం, వెనకో బాణం, మధ్యలో మాట.

ముప్పై రెండో చాటుమాట అది, గుసగుస చూస్తూనే గుర్తుపట్టింది.

పెద్దమేడం కళ్లజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చింది. కళ్లు చికిలించి, "పైనేదో రాసుంది. ఇంగ్లీషా?" అంది.

"తెలుగేనండీ, ఇంగ్లీషు అక్షరాల్లో..." అంటూ మాస్టారు వంగి చూశాడు. చదివాడు. ఆయన పెదాలు కదలడం ఆగిపోయింది. తలెత్తి గుసగుస మొహం చూశాడు, ఆ వెంటనే అక్క మొహం చూశాడు. మనిషి టైపు నేర్పుకుంటూ బతికాడు గానీ, బుర్ర మాత్రం పాదరసం.

"ఆఁ... 'అక్కా, నా నూరు కూడా నువ్వే కుట్టేశావ్.' అంటే ఏంటంటే పెద్దమేడంగారూ, ఈ అమ్మాయికి చిన్నప్పటినుంచీ నూరు గౌన్లు వాళ్లక్కే కుట్టిందిట. ఆ కృతజ్ఞత పేజీ పైన రాసుకుంది. పుస్తకానికి అంకితం రాస్తారు చూడండి, అలాగ."

"ఎంత ప్రేమో!" అంది వెనకనుంచి ఒకావిడ. ఇంకొకావిడ చప్పట్లు కూడా మొదలుపెట్టింది. అక్కకి ఇంగ్లీషు అక్షరాలు రావు. కొలతల పుస్తకంలో అంకెలు వస్తాయి, తెలుగు వస్తుంది, అంతే. మాస్టారు చదివింది విని ఆమె మొహం మతాబాలా వెలిగింది. కళ్లు తుడుచుకుని, "నూరేంటి మాస్టారూ, అంతకంటే ఎక్కువే ఉంటాయి, నేనెప్పుడైనా లెక్కపెట్టానా!" అంది.

చూశారా ఇరకాటం! మాస్టారు ఆ పిల్లని గట్టున పడేశాడు. ఎన్ పక్కన రెండు ఓలు కొట్టింది గుసగుస, సాగదీసి పలకాలని. ఆ రెండు ఓలని నూరనీ చదవొచ్చు, ఇంకోలాగానూ చదవొచ్చు. నోరు మూసుకుని కూర్చుంటే చాలు, ఎవరికీ ఏమీ తెలియదు. అక్క సంతోషం అక్కది, పరువు ఎవరి పరువు వాళ్లది. మీరైనా నేనైనా అదే చేసేవాళ్లం.

అక్క లేచి నిలబడింది. గొంతు సవరించుకుంది. "మా చెల్లికి మాట్లాడ్డం రాదు, నేను చెప్తాను. ఈ పేజీ మా కొట్టు గురించి..."

"నూరు కాదు."

ఎవరన్నారో ముందు ఎవరికీ అర్థం కాలేదు. టక్కు అటూ ఇటూ చూశాడు.

"నూరు కాదు మాస్టారూ" అంది గుసగుస మళ్లీ. మెడలో నరాలు కనబడుతున్నాయి. "నోరు."

మాస్టారు ఆఖరి ప్రయత్నంగా, "అమ్మాయ్, నూరే అయుంటుంది, నువ్వు కంగారులో..." అన్నాడు.

"రెండు ఓలు ఉన్నాయి కదండీ, ఎలాగైనా చదవొచ్చు. రాసింది మాత్రం నేను. 'అక్కా, నా నోరు కూడా నువ్వే కుట్టేశావ్.' అదీ రాసింది."

అక్క నిలబడ్డచోటే ఉండిపోయింది. మాట్లాడ్డానికి తెరిచిన నోరు అలాగే ఉంది, మాట మాత్రం రాలేదు. ఆమెకి మాట దొరక్కపోవడం గుసగుస పుట్టి బుద్ధెరిగాక అదే చూడటం. వెళ్లి కాళ్లు పట్టుకుందామనిపించింది. ఇంత మందిలో తల తీసేసినట్టయిందే అక్కకి, నేనెంత పాపిష్టిదాన్ని అనుకుంది. అనుకుంటూనే కదలకుండా నిలబడింది. ఇప్పుడు కదిలితే ఇక జన్మలో నిలబడలేనని దానికి తెలిసిపోయింది.

పెద్దమేడం ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఆవిడ ముప్పై ఏళ్లు పిల్లల్ని చూసిన మనిషి, ఇంటి గొడవల్లోకి పోలేదు. "సరే. అక్కకి చెప్పాల్సింది పేజీలో అందరికీ కనబడేట్టు రాస్తారా ఎవరైనా?" అంది.

"కనబడకూడదండీ. అది చాటుమాట."

"మరి కనబడిందే?"

గుసగుసకి మామూలుగా అయితే నీళ్లు నమలడమే తెలుసు. కానీ ఇది తనకి బాగా తెలిసిన ప్రశ్న. తెలిసిన ప్రశ్న అడిగితే ఎంత పిరికివాళ్లకైనా నాలుక కదులుతుంది. కుర్చీ లాక్కుని కూర్చుంది. పేజీ వెనకాల ఉన్న అసలు రాత తెరిచింది.

"ఇదిగోండి, ఇక్కడ తప్పు. బాణం పక్కన ఆశ్చర్యార్థకం ఉండాలి. నేను కొట్టలేదు. అది లేకపోతే బ్రౌజరు దీన్ని దాచాల్సిన మాట అనుకోదు, చూపించాల్సిన మాటే అనుకుంటుంది."

"వినబడటం లేదమ్మా!" అని వెనకనుంచి కేక.

గుసగుస వెనక్కి తిరిగింది. ఊపిరి పీల్చుకుంది. మొదటినుంచీ మళ్లీ చెప్పింది. ఈసారి ఎవరూ కేక వెయ్యలేదు. టైపు మిషన్లలో ఆ మీట ఎందుకు లేదో చెప్పింది, తన వేళ్లు ఎందుకు దాటిపోయాయో చెప్పింది. గోడవారన ఉన్న మిషన్ మీది గుడ్డ తీయించి మరీ చూపించింది. పెద్దవాళ్లు లేచొచ్చి వంగి చూశారు. కొలతల పట్టిక ఎలా కట్టిందో, అడ్డంగా ఒక వరస తెరిచి దాంట్లో గడులు తెరిచి మళ్లీ ఏ వరసకి ఆ వరస ఎందుకు మూసెయ్యాలో చెప్పింది. చెప్పేకొద్దీ గొంతు గట్టిపడుతూ వచ్చింది. మధ్యలో ఒక గడి మూసే ట్యాగు తీసేసి, పట్టిక మొత్తం చెల్లాచెదురు చేసి, "చూడండి, ఇలా అవుతుంది" అని నవ్వింది. ఆ గదిలో ఆ పిల్ల పళ్లు కనబడేలా నవ్వడం మాస్టారు కూడా అంతకుముందు చూడలేదు. స్కేలు బల్ల మీద పెట్టేసి, మొదటి వరస స్టూలు మీద విద్యార్థిలా కూర్చుండిపోయాడు.

ఆఖర్న పైకి వెళ్లి ఆశ్చర్యార్థకం కొట్టింది. ఈసారి చూసి కొట్టింది. సేవ్ చేసి పేజీ మళ్లీ తెరిచింది. పై వరస మాయమైపోయింది.

"పోయింది!" అంది ముందు చప్పట్లు కొట్టినావిడ.

"పోలేదండీ" అంది గుసగుస. "ఉంది. కనబడటం లేదంతే."

ఆ మాటకి అక్క గిరుక్కున తిరిగి బయటికి వెళ్లిపోయింది. చెప్పులు కూడా తొడుక్కోలేదు, చేత్తో పట్టుకుని మెట్లు దిగిపోయింది.

పెద్దమేడం లేచింది. "సోమవారం పొద్దున ఏడింటికి. ఏడంటే ఏడే, ఒక్క నిమిషం ఆలస్యమైనా నాకు గిట్టదు" అంది. ఆ మాట కోసం గుసగుస ఎన్నో రోజులు ఎదురుచూసింది. ఎగిరి గంతెయ్యాల్సిన సమయం. "అలాగేనండీ" అని, తలుపు వైపు చూసింది. మాస్టారు చెయ్యి ఊపాడు, "వెళ్లమ్మా, ముందు కిందకి వెళ్లు."

కొట్టులో ఇంకా సాయంకాలం ఎండ ఉంది. గుడ్డముక్కల మీద, కత్తెర మీద, కొలతల పుస్తకం మీద పడుతోంది. అక్క మిషన్ ముందు కూర్చుని ఊరికే తొక్కుతోంది. సూది కింద గుడ్డ లేదు. గుసగుస వెళ్లి ఎప్పుడూ కూర్చునే పీట మీద కాకుండా, అక్కకి ఎదురుగా కస్టమర్లు కూర్చునే కుర్చీలో కూర్చుంది.

"ఉద్యోగం వచ్చిందా?" అంది అక్క తలెత్తకుండా.

"వచ్చింది."

"మంచిది. నేను నోరు కుట్టేసినా వచ్చిందిగా."

"అక్కా..."

"ఎందుకు చెప్పావే? ఆ అక్షరాలు నాకు రావు. మాస్టారు నూరన్నాడు, నేను నూరే అనుకున్నాను. ఎంత సంతోషించానో తెలుసా నీకు? ఆ నూరుతో నేను హాయిగా బతికేసేదాన్ని."

"నాకు తెలుసు" అంది గుసగుస. "అందుకే చెప్పేశాను. నువ్వు అబద్ధానికి సంతోషపడుతుంటే నాకు చూడబుద్ధి కాలేదు. నువ్వంటే కోపం లేదక్కా నాకు. నువ్వు లేకపోతే నేనేమైపోయేదాన్ని! కానీ నా పేరు నేను చెప్పుకోవాలని ఉంటుంది. నాకు కాఫీ వద్దని నేను చెప్పుకోవాలని ఉంటుంది. ప్రతిసారీ నోరు తెరిచేలోగా నువ్వు చెప్పేస్తావు. ఎందుకంత తొందర నీకు?"

అక్క కాలు ఆగింది. మిషన్ చక్రం ఇంకో నాలుగు చుట్లు తిరిగి అదీ ఆగింది.

"నిజమేనే" అంది. "కుట్టేశాను. మాటవరసక్కాదు, నిజంగానే. తెలిసే చేశాను."

గుసగుసకి అర్థం కాలేదు.

"నీకు నాలుగేళ్లప్పుడు నువ్వు వసపిట్టవి. నిన్ను ఆపడం ఎవరితరమూ కాదు. పాలవాడితో కబుర్లు, పక్కింటివాళ్లతో కబుర్లు. అమ్మ పోయాక నువ్వు కనబడినవాళ్లందరితోనూ ఒకటే మాట చెప్పేదానివి. ఎవరు అడగనీ అడగకపోనీ. నేను చచ్చి చెడి నిన్ను తీసుకుని ఆ ఊరు వదిలేసి వచ్చాను. ఇక్కడికొచ్చాకా అదే మాట. ఇల్లు అద్దెకిచ్చినావిడ 'మీ అమ్మేదే పాపా?' అంటే నువ్వు నోరు తెరిచావ్. నేను గబుక్కున 'పోయిందండీ' అన్నాను. ఆరోజు మొదలుపెట్టాను. ఎవరేం అడిగినా నీకంటే ముందు నేనే చెప్పేదాన్ని. ఆర్నెల్లకి నువ్వే మానేశావ్. హమ్మయ్య అనుకున్నాను. తర్వాత ఆపుదామంటే నాకు ఆపడం చేతకాలేదు."

"ఏం చెప్పేదాన్ని నేను?"

అక్క మొహం తుడుచుకుంది.

"'అమ్మ బస్సెక్కింది' అని చెప్పేదానివి."

బయట వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. గుసగుస కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుంది.

"అందరికీ పోయిందనే చెప్పాను" అంది అక్క. "చచ్చిపోయిందని మాత్రం నేను ఎప్పుడూ, ఎవరికీ చెప్పలేదే. కావాలంటే గుర్తు తెచ్చుకో. పోయిందన్నాను, అంతే. వాళ్లు ఎలా అనుకుంటే అలా అనుకున్నారు. నువ్వూ పెద్దయ్యేకొద్దీ అలాగే అనుకున్నావ్. నేను దిద్దలేదు."

"ఎందుకెళ్లింది?"

"అది నేను చెప్పను. నా నోటితో చెబితే అందులో నా కోపం కూడా కలుస్తుంది." అక్క లేచి, గోడకున్న ఫోను దగ్గరికి వెళ్లింది. "ఏడాదికోసారి ఫోన్ చేస్తుంది. నువ్వు బడికో కాలేజీకో వెళ్లిన టైములో. 'చిన్నదెలా ఉంది, ఏమంటోంది?' అని అడుగుతుంది. 'బాగానే ఉంది, నిన్నేం తలుచుకోవట్లేదులే' అని నీ తరఫున నేనే చెప్తాను. పదిహేనేళ్లుగా నేనే చెప్తున్నాను. నిన్నొక్కసారైనా అడిగి చెప్పానా? లేదు."

గుసగుసకి ఒక్కసారిగా ఏడుపూ కోపమూ తన్నుకొచ్చాయి. అక్క మీదా, అమ్మ మీదా, ఆ బస్సు మీదా. చిత్రం ఏమిటంటే ఆ బస్సు రంగు కూడా గుర్తొచ్చినట్టనిపించింది. ఏదో అరుద్దామని లేచింది. అప్పటికే అక్క అంకెలు తిప్పుతోంది. ఏ పుస్తకంలోనూ చూడలేదు, నంబరు నోటికొచ్చు.

"వద్దక్కా! ఇప్పుడొద్దు! నేనేం మాట్లాడతాను?"

"నాకేం తెలుసు?" అంది అక్క. రిసీవరు చెల్లెలి చేతిలో పెట్టి, ఆ చేతిని చెవి దాకా తనే ఎత్తి వదిలేసింది. "నీ తరఫున ఇవాళ నేను మాట్లాడను."

అవతల గంట మోగుతోంది. ఒకటి. రెండు. మూడు. నాలుగోది సగంలో ఆగిపోయింది. ఎవరో దగ్గారు. వెనకాల ఎక్కడో కుక్కర్ కూత వినబడింది.

"హలో" అంది ఒక ఆడగొంతు.

గుసగుస అలవాటు కొద్దీ అక్క వైపు చూసింది. అక్క మిషన్ మీద రెండు చేతులూ ఆనించి, పెదాలు పళ్లతో గట్టిగా నొక్కిపట్టుకుని, కిందకి చూస్తూ కూర్చుంది. ఒక్క మాట కూడా అందించలేదు.

"హలో..." అని మళ్లీ అడిగింది ఆ గొంతు. "ఎవరండీ మాట్లాడేది?"